గంటకిచ్చిన నంబరే ప్రింటరుకూ ఇచ్చాను

వరంగల్ మిర్చి మార్కెట్‌ను పొద్దున్నే ఉరుకులు పెట్టించిన ఘనత మొదట ఒక ఎద్దుది, తరువాత నాది. ఎద్దు కనీసం తాడు తెంపుకుంది. నేను ఒక్క అంకె తప్పు వేశాను.

ఎనభైల్లో హనుమకొండలో సత్తన్న కంప్యూటర్ షాపులో పనిచేసేవాణ్ని. మిర్చి మార్కెట్లో దుకాణమున్న ఒక సేటు కోసం బస్తాలు తూచి చీటీ కొట్టే కంప్యూటర్ తయారుచేశాం. వేలంపాట మొదలైందని చెప్పే గంటను కూడా దానికే తగిలించాం. స్విచ్ వేయగానే బూట్ లోడర్ అనే చిన్న ప్రోగ్రాం లేచి, బడిలో హాజరు పిలిచినట్టు నంబర్లు పిలుస్తుంది. కాటా, ప్రింటర్, గంట: ఒక్కో దానికి ఒక్కో నంబరు. వాటిని పంచే పెత్తనం నాది.

"తమ్మీ, ఒకరిది ఇంకొకరికి ఇయ్యకు, జర పైలం," అన్నాడు సత్తన్న. "సేటు ఈ మిషన్ కొనకపోతే షాపు మూసి, మా బామ్మర్ది దుకాణంల చీరలు మడతపెట్టాలె."

"ఫికర్ చెయ్యకన్నా!"

అంతలో సేటే వచ్చాడు. "చీటీ కొట్టేదానికి ఏం నంబరు పెట్టినవ్?"

"మూడు సేటూ."

"మూడా! నాకు తొమ్మిదే అచ్చొస్తది. స్కూటర్ తొమ్మిది, దుకాణం తొమ్మిది."

వెంటనే మార్చేశాను. గంటకు ఏ నంబరిచ్చానో ఒకసారి చూసుకోవచ్చు. కానీ చూసుకునేవాళ్లు మామూలు మనుషులు. నేను మేధావిని కదా!

మర్నాడు మార్కెట్లో సేటు ఎర్ర శాలువా కప్పుకుని కాటా ఎక్కాడు. "ముందుగాల నన్ను తూచు. నా బరువు నాకెరుకే."

మీట నొక్కాను. తొమ్మిదో నంబరును పిలిస్తే గంట పలికింది. చీటీలో పడాల్సిన ఒక్కో అక్షరానికీ ఒక్కో దెబ్బ!

"పాట షురువైందిరా!" చాయ్ గ్లాసులు వదిలేసి ఖరీదుదార్లంతా ఉరికొచ్చారు. బస్తాల మీద నిద్రపోతున్న నెక్కొండ రైతు తువ్వాల దులుపుకుంటూ లేచాడు. అందరూ కాటా చుట్టూ మూగారు. పక్క దుకాణం వ్యాపారి సేటు శాలువా రెండు వేళ్లతో నలిపి చూశాడు.

"రంగు మంచిగనే ఉంది గని, లోపలంత తాలే. తేమ గూడ ఎక్కువే."

"అరే, నన్నే వేలం పాడుతాన్రా? గంట ఆపురా నాయనా!"

"చీటీల మీ నాయన పేరు ఇంకా అయిపోలే సేటూ," అన్నాను.

సత్తన్న వైరు పీకేశాడు. "ఇగ చీరలే," అని కాటా పక్కనే కూలబడ్డాడు.

సేటు మెల్లగా దిగాడు. చుట్టూ చూశాడు. "సత్తన్నా, రోజు బతిమాలినా రానోళ్లు ఒక్క తీరుగ ఉరికొచ్చిన్రు. మిషన్ ఉండనియ్యి. వీన్ని తీస్కపో."

ఎవరికి ఏ నంబరు, ఏ పేరు ఇచ్చినా ముందుగా అందరినీ విచారిస్తానని ఆ రోజే కాటా మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నాను. ఇప్పటిదాకా తప్పలేదు. మా అమ్మాయికి పేరు పెట్టాలన్నప్పుడు, "ఈ పేరు మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?" అని మా వీధిలో ఇంటింటికీ తిరిగాను. పిల్ల నడక నేర్చేదాకా పేరు కుదరలేదు.