మా గుమ్మం దాటిన మాస్టారు

భీమవరం కాలేజీలో మాకు జువాలజీ చెప్పిన మాస్టారు పోయారని రెండు వారాల కిందట పొద్దున్నే ఫోన్ వచ్చింది. సుద్దముక్క చొక్కా జేబులో వేసుకునే అలవాటు ఆయనది. సాయంత్రానికి జేబంతా తెల్లగా అయ్యేది. ఇంట్లో ఎన్ని చివాట్లు తిన్నా మానలేదు మహానుభావుడు.

సార్స్ జబ్బు గురించి పేపర్లు హోరెత్తిన ఏడాది, మా నాన్న రొయ్యల ఎగుమతి పనిమీద సింగపూర్ వెళ్ళొచ్చారు. డాక్టరు చెప్పినన్నాళ్ళూ గది దాటలేదు. జ్వరం లేదు, దగ్గు లేదు. ఇక భయం లేదని డాక్టరే చెప్పినా మా గుమ్మం ఎవరూ తొక్కలేదు. పక్కన నలుగురు లేందే ముద్ద దిగని మనిషి ఒంటరిగా అన్నం కెలుకుతుంటే నాకు ఏడుపొచ్చేది. క్లాసులో నా బెంచీ మీద నేనొక్కణ్ణే.

మాస్టారు అది చూశారు. ఆరోజు పాఠం పక్కనపెట్టి, బోర్డు మీద చుట్టూ ముళ్ళున్న బంతి గీశారు.

"ఇది తలుపు బద్దలుకొట్టుకుని రాదర్రా. మన కణం మీద ఒక ప్రొటీన్ చెయ్యి చాపినట్టు ఉంటుంది. ఈ ముల్లు దాన్ని పట్టుకోవాలి. అది కుదిరిందా, ఇక కణం అచ్చం మన గోదారోళ్ళే. ఎవరు, ఏంటి అని అడగదు. తన పొరలో చుట్టి లోపలికి లాక్కుపోతుంది. లోపల ఆ పొరతో కలిసిపోయి వైరస్ తన సరంజామా దింపుతుంది. మర్యాదే కొంప ముంచుతుంది."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

"రోగి దగ్గితే ఆ తుంపర మన ముక్కులోకో నోట్లోకో చేరాలి. అప్పుడు గానీ ముల్లుకి ఆ చెయ్యి దొరకదు. ఒంట్లో వైరసే లేనివాళ్ళ గుమ్మంలో ఏం ఉంటుందని భయం?"

సాయంత్రం స్కూటర్ మా ఇంటి ముందు ఆగింది. అప్పుడే అన్నానికి కూర్చోబోతున్న నాన్న కంగారుగా, "కాస్త దూరంగా కూర్చోండి మాస్టారూ" అన్నారు.

"దూరంగా కూర్చుంటే ఇగురు అందదండీ" అంటూ ఆయన నాన్న పక్కనే పీట వేసుకున్నారు. రొయ్యల ఇగురు మారు వడ్డించుకుని మరీ తిన్నారు. చాలా రోజులకి నాన్న కడుపునిండా తినడం చూశాను. ఆ స్కూటర్ చూసే మర్నాడు పక్కింటివాళ్ళు వచ్చారు. ఆ మేలు నేను మర్చిపోలేను.

నిన్న మాస్టారి పెద్దకార్యానికి వెళ్ళాను. ఏమని పలకరించాలో తెలియక గుమ్మం బయటే నిలబడిపోయాను. వాళ్ళ పెద్దమ్మాయి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఏంటండీ, ఇక్కడే ఆగిపోయారు? లోపలికి రండి. మీరు తినకుండా వెళ్తే నాన్నగారు ఒప్పుకోరు."

విస్తరి ముందు కూర్చోబెట్టేదాకా ఆ చెయ్యి వదల్లేదు.