లార్టర్ పొలంలో మూడు నాణేలు

రొట్టెల దుకాణానికి దగ్గరి దారి ఉన్నా, క్లెమెంట్ గాట్స్ రోజూ చుట్టూ తిరిగి రైతు లార్టర్ పొలం గట్టు మీదుగానే వెళ్తాడు. దున్నారా, నేల తడిసిందా చూసుకోవాలి. బస్సు డ్రైవరుగా రిటైరయ్యాక ఆయనకు మిగిలిన పిచ్చి ఒక్కటే: డిటెక్టరు పట్టుకుని మట్టిలో పాత లోహం వెతకడం. ఇంగ్లండులోని ఈ నార్ఫోక్‌లో రైతులు ఎవర్నీ ఊరికే పొలంలోకి రానివ్వరు. లార్టర్ రానిచ్చాడు, దొరికినదాంట్లో చెరిసగమని చేతిలో చెయ్యి వేసి.

ఒక నవంబరులో మూడు వెండి నాణేలు ఒకదానికొకటి అతుక్కుని దొరికాయి, బొగ్గులా నల్లగా. మెరిపించి లార్టర్ చేతిలో పెడదామని ఆయన ఆశ. గిన్నెలో అల్యూమినియం కాగితం పరిచి, వంటసోడా చల్లి, మరిగే నీళ్లు పోశాడు.

"కుళ్లిన గుడ్ల కంపు! నా వంటిల్లు ఏం పాపం చేసింది క్లెమ్?" అంది భార్య మేవిస్.

నాణేలు విడిపోయాయి. పళ్ల బ్రష్షుతో రుద్దితే రెండింటి మీద రాజు మొహం తేలింది. మూడోదాని మీద నలుపుతో పాటు రాజూ పోయాడు.

"మూడూ ఒక్కచోటే దొరికాయా?" మేవిస్ కళ్లజోడు సర్దుకుంది. "అంటే చట్టప్రకారం నిధి కింద లెక్క. కడక్కుండా పురావస్తు అధికారికి అప్పగించాలని మీ డిటెక్టర్ల క్లబ్బులో అందరికీ చెప్పేది నువ్వే కదా!"

అధికారి సంగతి తర్వాత, లార్టర్‌కు తెలిస్తే గేటు మూసేస్తాడు.

"చెడిపోయినదాన్ని దాచేసి, రెండే దొరికాయంటే?"

"అను. అబద్ధమాడితే నీ చెవులు ఎర్రబడతాయి. లార్టర్‌కి అది చాలు."

మర్నాడు ట్రాక్టరు షెడ్డులో ఆయన మూడు నాణేలూ బల్ల మీద పెట్టాడు. లార్టర్ మూడోదాన్ని వెలుగులోకి ఎత్తాడు.

"ఇదేంటి, బొత్తామా?"

"రాజండీ. నేనే చెరిపేశాను."

లార్టర్ నాణేన్ని రెండో వైపు తిప్పి చూశాడు.

"మా నాన్న జీవితమంతా ఆ నేల దున్నాడు, ఒక్క రాజు మొహమూ చెడలేదు. నువ్వు ఒక్క పూటలో గీకేశావు. అధికారికి చెప్పావా?"

"ముందు మీకు చెప్పాలని..."

"ఇక్కణ్నించే ఫోన్ చెయ్యి. నా ఎదురుగా."

చేశాడు.

"మరి పొలం?" అన్నాడు చివరికి, నేల చూస్తూ.

"కోతలయ్యేదాకా కనపడకు. ఆ తర్వాత రా. దొరికినది మట్టితోనే గేటు దగ్గర నాకు చూపించాలి."

క్లెమెంటుకు ఇప్పుడు డెబ్బై రెండేళ్లు. ఆదివారాలు ఆ పొలంలోనే ఉంటాడు. దొరికినవి మట్టితోనే డబ్బాలో వేసి, లార్టర్‌కు చూపించాకే ఇంటికి వెళ్తాడు.