మఖ్మల్ కింది నూలు చీర

మొన్న మా వీధి చివర వడ్రంగి కొట్టు ముందు కొత్త తలుపులకు రోగన్ పూసి ఎండకు నిలబెట్టారు. దాన్ని ఇప్పుడు వార్నిష్ అంటున్నారు. ఆ ఘాటు వాసనకు నడుస్తున్నదాన్ని ఆగిపోయాను. ఆరీ ఆరకముందే ఇద్దరు పనివాళ్లు వాటి మీద ప్లాస్టిక్ కాగితం కప్పి తాడు బిగిస్తున్నారు. "ఆగండి, అతుక్కుంటుంది" అని నోరు జారాను. వాళ్లు నవ్వి తమ పని తాము చేసుకున్నారు. ఆ సంగతి నేను నేర్చుకున్నది ఎనిమిదేళ్ల వయసులో, మా గడి తలుపులు, అంటే మా దొరల బంగళా తలుపులు, ఊరు దాటిన రోజున.

మాది బోధన్‌కు దగ్గరలోని పల్లె. కాలువ నీళ్లొచ్చి, జొన్న చేలన్నీ చెరకు తోటలవుతున్న రోజులవి. చలికాలమంతా గానుగలు తిరిగేవి, పెద్ద పెనాల్లో పాకం ఉడుకుతుంటే ఊరి మీద తియ్యటి పొగ కమ్ముకునేది, మొదటి వేడి బెల్లం మోదుగాకుల్లో గడికి వచ్చేది. అది మర్యాద అని చెప్పి నన్ను పెంచారు. ఊళ్లో వాళ్లు దాన్ని వెట్టి అనేవారని పెద్దయ్యాక తెలిసింది. ఆ గడి ముందు రెండు తలుపు రెక్కలు, నకాషీ పనివాడు మూడు తరాల కింద రంగులద్దినవి. కుడి రెక్క మీద గుర్రమెక్కిన దొర, ఎడమ రెక్క మీద చేతిపై చిలుకను నిలుపుకున్న ఆడమనిషి. ఆమె మా వంశంలో పరగణా ఏలిన దొరసాని అనేది మా అవ్వ, అంటే మా నాయనమ్మ. నా ముక్కు ఆమెదేనట. దాగుడుమూతలాడుతూ ఆ రెక్క చాటున దూరినప్పుడల్లా నా ముక్కు తడిమి చూసుకునేదాన్ని. దసరాకు అవ్వ పొడిగుడ్డతో తానే ఆ బొమ్మలను తుడిచేది. గడపకు పసుపు రాసే చేయి తలుపుకు తగిలితే పనిమనిషిని కసిరేది.

గడి మా చేయి దాటింది. ఎట్లా దాటిందన్నది కోర్టు సంగతి, ఇక్కడ చెప్పను. తీసుకున్నవారు తలుపులు మాత్రం మమ్మల్ని తీసుకుపొమ్మన్నారు. నిజామాబాద్‌లో ఒక చిన్న ఇల్లు మా కోసం ఎదురుచూస్తోంది. "ఆ దొరసాని మొఖానికి గీత పడ్డా నేను ఆ ఇంట్ల అడుగువెట్ట" అన్నది అవ్వ. ఆమె అన్న మాట తప్పడం మేమెవరం చూడలేదు.

బాపు, అంటే మా నాన్న, దగ్గర అప్పటికి మిగిలినది పట్నం వాళ్ల ముందు తల దించకూడదన్న పట్టుదలే. తలుపులు తళతళలాడాలని, ప్రయాణానికి నాలుగు రోజుల ముందు కొత్త రోగన్ పూయించాడు. వడ్ల నర్సయ్య మా గడి కొయ్యపనంతా చేసిన ముసలాయన. బందులూడదీసి తలుపులు దించడానికి వచ్చి, రోగన్‌ను వేలితో తాకి, అవ్వ వైపు చూసి నిట్టూర్చాడు.

"దొరసాని, ఇంక పచ్చిగున్నది. నెల రోజులన్న ఆరాలె."

"నెల రోజులు ఎవలిస్తరురా నర్సిగా? రేపే తాళాలియ్యాలె."

"అయితె మెత్తటి పాత నూలుబట్ట సుట్టి, పైన గోనెపట్టలు..."

"మా తలుపులు బెల్లం సంచులల్ల పోవాల్నా?" అవ్వ లేచి, మేనా పల్లకి మీద కప్పే ఎర్ర మఖ్మల్ తెప్పించింది. "దీంట్ల పోవాలె."

"దాని నూగు అతుక్కుంటది దొరసాని."

"అతుక్కుంటె అతుక్కోనీ. ఇంకొక మాట. పండవెట్టి తీస్కపోవద్దు. గడపల నుంచి పండుకొని పోయేది పీనుగ."

"ఆ మాట నేను గూడ అంటున్న," అన్నాడు నర్సయ్య, మీసం చాటున నవ్వుతూ. "పండవెడితె కుదుపులకు నడుమిరుగుతది. పక్కంచు మీద నిలవెడత."

మర్నాడు పొద్దున అవ్వ దేవునికి దీపం పెట్టడానికి లోపలికి వెళ్లగానే, నర్సయ్య మూటలోంచి ఒక చీర తీశాడు. ఉతికి ఉతికి ఉల్లిపొరలా పలచబడిన, రంగు పోయిన నూలు చీర. దాన్ని నిలువునా రెండుగా చింపి, సుద్దపొడి చల్లి, రెండు రెక్కల బొమ్మల మీద ముడత లేకుండా పరిచి, ఆపైన మఖ్మల్ చుట్టాడు. స్తంభం పక్కన నిలబడి నేనంతా చూశాను.

"సూడనట్టే ఉండు బిడ్డా," అన్నాడు మెల్లగా. "మా ఇంటామెది. ఉతికిందే."

అవ్వ వచ్చి మఖ్మల్ ముడులు సరిచూసి, నా వైపు తిరిగింది. "నువ్వు ఈడనే ఉన్నవు గద. లోపట ఏం వెట్టలె గద వీడు?"

"లేదవ్వా," అన్నాను. నా జీవితంలో అవ్వతో ఆడిన మొదటి అబద్ధం అది.

బండి నిండా ఎండిన చెరకు ఆకు దట్టంగా పరిచి, రెండు రెక్కలనూ పక్కంచు మీద నిలబెట్టి, మధ్యన ఆకు మోపులు కుక్కి, తాళ్లు రాసుకునే చోట గుడ్డపీలికలు చుట్టి, నర్సయ్య వాటి పక్కనే నడిచాడు. వెనక గూడుబండి కచ్చురంలో అవ్వా నేనూ. ఎడపల్లి దాటేసరికి ఎండ నిప్పులు చెరిగింది, దుమ్ముతో పాటు రోగన్ వాసన మా బండి దాకా వస్తోంది. అవ్వ వేళ్లు కచ్చురం అంచును వదల్లేదు. ఒక పనివాని భార్య కట్టి విడిచిన చీర మా దొరసాని మొఖం మీద ఉందని తెలిస్తే అవ్వ నన్నేం చేస్తుందో. ఆ చీర కూడా అతుక్కుని ఉంటే నర్సయ్యనేం చేస్తుందో!

సాయంత్రం నిజామాబాద్ ఇంటి ముందు దించారు. అవ్వ గడప బయటే నిలబడి, "విప్పురా" అన్నది. పైమూలన, చీర అందని చోట, మఖ్మల్ చర్రుమని లేచింది. జానెడు మేర రంగు ఊడి, ఎర్ర నూగు పెచ్చులా మిగిలింది. బాపు మొఖం తిప్పుకున్నాడు. నర్సయ్య మిగతా మఖ్మల్ నెమ్మదిగా తీశాడు. కింద తెల్లగా సుద్దపొడి అంటిన ఆ పాత చీర. దాని కొస పట్టి ఎత్తితే ఊపిరి తీసినంత తేలికగా వచ్చేసింది. దొరసాని, చిలుక, ముక్కు, కాటుక గీత, అన్నీ ఎట్లున్నవి అట్లనే.

"ఎవలదిది?" అన్నది అవ్వ.

"మా ఇంటామెది దొరసాని."

అవ్వ నా వైపు చూసింది. నేను నేల చూశాను. తరువాత ఆమె చేసిన పని నేను కలలో కూడా ఊహించలేదు. చీర రెండు ముక్కలనూ తన చేతులతోనే దులిపి, అంచుకు అంచు కలిపి మడిచి, నర్సయ్యకు అందించింది.

"మఖ్మల్ ఎద్దులకు పరువుండ్రి, ఎండల నడిచినయి," అని, "నర్సయ్యా, నీళ్లు తాగిపో" అంటూ గడప దాటింది. ఆయన పేరును పూర్తిగా అనగా నేను వినడం అదే మొదలు. నా గుండెల మీది బరువంతా ఒక్కసారి దిగిపోయి, నేను ఏడ్చేశాను. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఆ ఇంట్లో అంత పెద్ద దర్వాజా లేదు. వానలకు చెమర్చే గోడల తేమ తగలకుండా జానెడు ఎడంగా, కొయ్యదిమ్మల మీద, నూలుబట్టల కింద ఆ రెక్కలు ఏళ్లపాటు నిలబడ్డాయి. తరువాత నేను ఇల్లు కట్టించినప్పుడు వాటి కొలతకే దర్వాజా పెట్టించాను. ఇప్పుడు గడి మొండిగోడలు. గానుగలు ఆగిపోయాయి, కచ్చురాలు ఎవరికీ గుర్తు లేవు, మేనా ఏమైందో నాకే తెలియదు. ఇంటికి వచ్చినవాళ్లు తలుపు ముందు ఆగి, ఈమె ఎవరని అడుగుతారు. వంశం, పరగణా, నాలుగు తరాల పేర్లు తడుముకోకుండా చెబుతాను. తన చీరతో ఆమె మొఖాన్ని కాపాడిన మనిషి పేరు మాత్రం చెప్పలేను. నర్సయ్య ఆ తరువాత ఎన్నోసార్లు మా ఇంటికి వచ్చాడు. ఆయన భార్య పేరేమిటని మాలో ఒక్కరమూ అడగలేదు.