ఆవును కట్టేసే చోటు

1987 జూలై 13, సోమవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు కృష్ణగిరిలోని మా పశువైద్య కార్యాలయంలో కంప్యూటర్ మొదటిసారి వెలిగింది. ఆ ఏసీ గది బయట అందరం చెప్పులు విడిచాం. లోపల దుమ్ము పడకూడదని నియమం. ఆ నియమం లేకపోయినా నేను విడిచేదాన్నే.

మా ఇంట్లో డిగ్రీ పట్టా పుచ్చుకున్న మొదటి మనిషిని నేను. మా నాన్న సామల్పట్టి దగ్గర గొర్రెలూ ఆవులూ మేపేవాడు. రిజిస్టర్లలోని వివరాలను కంప్యూటర్‌లోకి ఎక్కించే తాత్కాలిక ఉద్యోగం నాది.

మా అధికారి సంకల్పం స్పష్టంగా ఉండేది. వానలు ముదిరి గాలికుంటు వ్యాధి వ్యాపించేలోగా ప్రతి పశువుకూ టీకా పడాలి. ఏ ఇంట్లో ఏ పశువుకు టీకా పడలేదో కంప్యూటర్ చెప్పాలి. పరీక్షకు మత్తిగిరికి అవతల ఉన్న ఒక ఊరిని ఎంచుకున్నారు. అక్కడ జాబితా పనికొస్తేనే యంత్రాన్ని మా దగ్గర ఉంచుతామని, లేకుంటే మరో శాఖకు తరలిస్తామని పైనుంచి ఉత్తరం వచ్చింది. యంత్రంతోపాటు నా ఉద్యోగమూ పోతుందని నాకు తెలుసు.

ఒక్కో పేరును రెండేసి సార్లు సరిచూసుకుంటూ రిజిస్టరంతా ఎక్కించాను. ప్రింటర్ కీచుమంటూ కాగితాన్ని బయటికి తోస్తుంటే, ఊరి రైతులందరి పేర్లూ దానిమీద అక్షరక్రమంలో వరుసగా వచ్చి నిలబడ్డాయి. అది పూర్తయ్యేవరకూ మేమెవరం కూర్చోలేదు.

ఆ జాబితా పట్టుకుని వెళ్లిన జీపు మధ్యాహ్నానికే తిరిగి వచ్చింది. ఐసు పెట్టెలో మందు చాలావరకు అలాగే ఉంది. జాబితాలోని ఇళ్లకు వెళితే కొట్టాలు ఖాళీగా ఉన్నాయట.

“ఏమమ్మా, నీ లిస్టులో ఉండే ఆవులు ఆ ఊర్లో ఉండాయా, లేదా?” అన్నారు అధికారి. “శుక్రవారం ఇంకొక్కసారి పోతాం. అప్పుడూ ఇట్లే అయితే మిషన్ని నేనే కట్టి పంపించేస్తాను.”

రిజిస్టరును, జాబితాను పక్కపక్కన పెట్టుకుని పోల్చి చూశాను. ఒక్క తప్పూ లేదు. తప్పు దొరికి ఉంటే అంత భయపడి ఉండేదాన్ని కాదు.

మరునాడు హోసూరు బస్సెక్కి, అక్కడినుంచి ఆ ఊరికి వెళ్లాను. ఊరి మొదట్లో ఆవులు మేపే ఇంటి పెద్దావిడ ఒకామె పేడ తట్ట దించి చేతులు కడుక్కుంటోంది. జాబితాలో మొదటి పేరు చదివి, ఆ రైతు ఆవులు నాలుగూ ఎక్కడున్నాయని అడిగాను.

“నా కొట్టంలోనే ఉంటాయి కదమ్మా.”

“ఆయన పేరు మీద ఉన్నాయే?”

“పేరు ఆయప్పది, పేడ నాది,” అని ఆమె పెద్దగా నవ్వింది. “ఎవురిదో రాసినావు సరే. యాడ కట్టేసేదో రాసినావా?”

నా తల వంగిపోయింది. మా వైపు ఆవును పాలికి ఇస్తారు. ఆవు భూమి ఉన్న రైతుది, మేపేది మాలాంటివాళ్లు, పుట్టిన దూడల్లో చెరి సగం. నేను పెరిగిన ఇంటి కొట్టంలోనూ సగం ఆవులు మావి కావు. వాటి పాలు తాగి చదువుకున్న నేను ‘యజమాని పేరు’ అన్న గడిని అన్నిసార్లు నింపుతూ ఒక్కసారైనా ఆగి ఆలోచించలేదు.

“రాసుకోమ్మా,” అంటూ ఆమె అరుగు మీద కూర్చుని కళ్లు మూసుకుంది. “తూర్పు వీధి మొదటి కొట్టంలో పుల్లావు. కొమ్ము కొన వంగుంటుంది. పోయిన వానకు సచ్చిపోయిన బొల్లావు బిడ్డ అది. మిట్ట మీద ఇంటోళ్లది. దాని పక్క కొట్టంలో దీని చెల్లెలు, కర్రావు...”

కూర్చున్న చోటునుంచి కదలకుండానే ఆమె వీధి తరువాత వీధి దాటింది. ఒక్కసారి తడబడలేదు, వెనక్కి వెళ్లలేదు. ఎండ అరుగు దిగేవరకు రాస్తూనే ఉన్నాను. కంప్యూటర్ వెలిగిన రోజు కలిగిన విస్మయమే మళ్లీ కలిగింది. చెప్పులు విడవాలనిపించింది.

లేచి వస్తుంటే ఆమె వెనకనుంచి పిలిచింది. “ఆవుల్ని విప్పకముందే రమ్మని చెప్పు మీ డాక్టరుకు. పది గంటలకు వస్తే సూది యాడ పొడుస్తాడు, కట్టేసే గూటాలకా?”

జరిగినదంతా అధికారికి విన్నవించాను.

“రిజిస్టరులో అట్లాంటి గడి లేదు కదమ్మా?”

“లేదు సార్. ఊర్లో ఉంది.”

ఆయన నా నోటు పుస్తకం తీసుకుని పేజీలు తిప్పారు. తరువాత, “పెట్టు,” అన్నారు.

శిక్షణలో ఇచ్చిన పుస్తకాన్ని పక్కన పెట్టుకుని, ‘కట్టేసే చోటు’ అని కొత్త గడి చేర్చి, నా నోటు పుస్తకంలోనిదంతా ఎక్కించాను. ఆ గడి ప్రకారం వరుస పెట్టమని అడగగానే యంత్రం తూర్పు వీధి నుంచి మొదలుపెట్టింది. ఆమె నడిచినట్టే ఊరంతా నడిచింది.

శుక్రవారం పొద్దున ఆరింటికి ఆమె కొట్టం ముందు నిలబడి జాబితా చదివాను. ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింది.

“ఓయమ్మో, నేను చెప్పింది చెప్పినట్టే అప్పజెప్తా ఉందే!” అంది. అంతలోనే చెయ్యి అడ్డం పెట్టింది. “ఆగు. ఆ కర్రావు నిన్న ఈనింది. దూడను ఎవురు రాస్తారు?”

దాన్ని కలంతో రాసుకున్నాను. ఆవులను మేతకు విప్పే వేళకు ఐసు పెట్టె ఖాళీ అయింది.

ఆ తరువాత మా రిజిస్టరులో ‘కట్టేసే చోటు’ అన్న గడి చేరింది. టీకా జీపు తెల్లవారగానే బయలుదేరేది. కంప్యూటర్ కృష్ణగిరిలోనే ఉండిపోయింది, నా ఉద్యోగాన్ని మరో ఏడాది పొడిగించారు.