మనమంతా దొంగలమైన గుట్ట

నంద్యాల బస్టాండులో ఇవాళ సీతాఫలాల గంప ముందు ఆగిపోయాను. కర్నూలు మన రాజధానిగా ఉన్న రోజుల్లో, శిరివెళ్ల పక్కన మన ఊళ్లో ఏ ఇంటికెళ్లినా ఇదే వాసన. కాయల్ని బానలో వేసి వరిగడ్డి కప్పి మాగేసేవాళ్లం, గుర్తుందా?

ఆ చెట్లున్న గుట్ట రెడ్డి సొంతం. కోసుకునేది మాత్రం మనం, ఎవర్నీ అడక్కుండా. దాన్ని బొగ్గులు కాల్చేవాడికి అమ్ముతున్నాడని తెలిసి మగవాళ్లు వెళ్లి అడిగితే, "నా గుట్ట, నా ఇష్టం" అన్నాడు.

మరునాడు మా నాయన తల్లి, మా జేజి వెంట ఆడవాళ్లంతా కదిలారు. గుట్ట నుంచి తెచ్చుకున్న కాయలు, చీపుర్లు, తేనె ముంతలు రెడ్డి వాకిట్లో పెట్టి కూర్చున్నారు.

"ఇదంతా నీ గుట్టలో ఎత్తుకపోయిందేప్పా. దండుగన్నా ఎయ్యి, గుట్టన్నా ఊరికి ఇడిచిపెట్టు," అంది జేజి.

రెడ్డి నోరు తెరిచేలోపే వాళ్లమ్మ లోపల్నుంచి వచ్చి మన ఆడవాళ్ల పక్కన కూర్చుంది. ఆమె పుట్టిందీ మన ఊళ్లోనే.

"నన్నూ ఈ దొంగల్లో కలుపుకో నాయనా. ఈ ఇంటికి కోడలు కాకముందు నేనూ ఆడ కాయలు కోసినదాన్నే."

రెడ్డి నవ్వేశాడు. గుట్టను ఊరందరికీ రాసిచ్చాడు.

ఈ గంపలోవి ఆ గుట్ట కాయలేనట. మొదటిది రెడ్డి వాళ్లమ్మను తలుచుకునే విప్పాను.