మోదిన్ కస్దీ వదిలేసిన మాటలు

సెమరాంగ్ ఊరిచివర పేటలో ముప్పై ఏళ్లుగా పురిటికీ చావుకీ దువా చదివి ప్రార్థన జరిపించే మోదిన్ కస్దీయే. విందు జరిగితే అదెందుకో, ఎవరి కోసమో చాప మీద ఆయనే చెప్పాలి. కూర్చున్న మగవాళ్లంతా "అవును" అనాలి. ఒక్కడు అనకపోయినా అన్నం ముట్టకూడదు. అదీ అక్కడి కట్టుబాటు.

నలభై ఐదు ఆగస్టు. దీవులన్నీ కలిపి ఒక్క దేశంగా స్వాతంత్ర్యం ప్రకటించిన వారానికి పేటంతా కలిసి విందు తలపెట్టింది. కస్దీకి మాత్రం రెండ్రోజులుగా మెతుకు దిగలేదు. ముస్లిములు షరియత్ పాటించాలన్న మాటలు రాజ్యాంగం చిత్తుప్రతిలో ఉండేవి. అలాగైతే మేం కలవమని తూర్పు దీవుల క్రైస్తవులు అన్నారట. రాజధానిలో పెద్దలు ఆ మాటలు కొట్టేశారు.

అల్లుడు మహ్‌ఫూద్ భగ్గుమన్నాడు. "వాళ్లు కొట్టేస్తే మనమూ మింగేయాలా మామా? చాప మీద ఆ మాటలు మీరు చెప్పి తీరాలి. లేదంటే రొమ్లాని తీసుకుపోతా. మళ్లీ ఈ గడప తొక్కం!"

రొమ్లా ఒక్కగానొక్క కూతురు, తల్లి లేని పిల్ల, ఇప్పుడు ఏడో నెల.

చెబుదామంటే ఎదురింటి మార్కుస్. క్రైస్తవుడే, కానీ పేటలో ఎవరు పోయినా పాడె కట్టేది ఆ వడ్రంగే. "మీ నమాజు మీది, నాకేం అడ్డం అన్నా?" అన్నాడతను. "రాజ్యం పుట్టగానే మీరు, మేము అని గీత గీస్తే నేను ఏ చాప మీద కూర్చోవాలి?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. పాపం, ఏం చేస్తాడు!

సాయంత్రపు అసర్ నమాజు అయింది. కస్దీ ఇంటి వసారాలో పసుపన్నం గోపురంలా పోసి చాప నడుమ పెట్టారు. మార్కుస్‌తో సహా మగవాళ్లంతా చుట్టూ కూర్చున్నారు. కస్దీ గొంతు సవరించుకున్నాడు. "ఈ విందు కొత్త దేశం కోసం. ఇందులో పుట్టినవాళ్లందరి కోసం..." అని ఆగిపోయాడు.

"ఆపేశారేం?" మహ్‌ఫూద్ అందుకున్నాడు. "చిత్తులో ఆ మాటలున్నాయని విని సంతోషంతో ఏడ్చింది మీరు కాదూ?"

"ఏడ్చానురా. ఇప్పుడూ కావాలి నాకవి. కానీ మార్కుస్‌ని లేపేసి నేనెట్లా తినేది?"

"అవును," అన్నారు ముసలివాళ్లు. ఒక్కొక్కరే కుర్రాళ్లూ అన్నారు. మహ్‌ఫూద్ మాత్రం అనలేదు. లేచి నిలబడి, "రొమ్లా, పద," అన్నాడు.

అందరి చేతులూ ఒళ్లోనే ఉండిపోయాయి. అప్పుడు వంటింటి తడిక వెనక నుంచి వినబడింది: "అవును."

ఆడదాని మాట చాప మీదికి రావడం ఆ పేట ఎరగదు. రొమ్లా బట్టలమూటతో బయటికొచ్చింది. "నా మాట ఇక్కడ ఉంచుతున్నా నాన్నా. ఆయన్ని మాత్రం ఒంటరిగా పంపలేను," అని మొగుడి వెనకే మెట్లు దిగింది.

కస్దీ లేచాడు. గోపురం కొన కోసి, అరిటాకులో చుట్టి, చెప్పుల్లేకుండా వీధిలోకి పరిగెత్తాడు. పొట్లం కూతురికివ్వలేదు, అల్లుడి చేతిలో పెట్టాడు.

"చాప మీద నువ్వు అవుననలేదు. కట్టుబాటు ప్రకారం ఇది తినకూడదు. తెలుసు," అన్నాడు రొప్పుతూ. "అయినా తినరా. నువ్వు తినందే అది ముట్టదు, దానికి ఆకలేస్తుంది."

మహ్‌ఫూద్ తల వంచుకుని మూట కూడా రొమ్లా చేతిలోంచి తీసుకున్నాడు. ఇద్దరూ వెళ్లిపోయారు.