నాణెం అంచున పూడ్చిన చిల్లు

నేను పాత అమెరికన్ బంగారు నాణేలు సేకరిస్తాను. రెండు వందల ఏళ్లనాటి అయిదు డాలర్ల నాణెం ఒకటి అమ్మకానికి ఉందని తెలిసి విజయవాడ నుంచి సింగపూర్ వెళ్లాను. సెంగ్‌కాంగ్‌లో ఉండే ఒక పెద్దావిడ, చనిపోయిన భర్త సేకరణలోంచి దాన్ని అమ్ముతోంది. వాళ్లది మూడు తరాలుగా అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబం.

భూతద్దంలో చూస్తే అంచు దగ్గర పూడ్చిన చిల్లు కనిపించింది. ఎవరో గొలుసుకు వేసుకున్న నాణెమన్నమాట. చెబితే బేరం కోసం అంటున్నానని అనుకుంటుందేమో. అయినా చెప్పాను.

ఆవిడ ముఖం పాలిపోయింది. నాణెం లాక్కుని లోపలికి వెళ్లింది. ఎంతకీ రాలేదు. వెళ్లిపోదామని లేస్తుంటే తన పెళ్లి ఫొటోతో వచ్చింది. ఫొటోలో ఆవిడ మెడలో అదే నాణెం.

“మా అమ్మ వేసింది తంబీ. ఎక్కడో పడిపోయిందన్నాడు ఆయన. ఎంత ఏడ్చానో. ఇన్నాళ్లూ ఆయన పెట్టెలోనే ఉంది,” అంది. తర్వాత నా భూతద్దం వైపు చూసి, “నాణేలు పోగేసేవాళ్లంతా ఇంతేనా?” అని అడిగింది.

నేను భూతద్దం జేబులో పెట్టేసుకున్నాను. ఆవిడ నాణెం నా ముందు పెట్టింది.

“ఈ చిల్లు మళ్లీ తెరవొచ్చా?”

అలాంటి నాణేలు ప్రపంచంలో కొన్నే మిగిలాయి. నాణెం తీసి తిరిగి ఆవిడ చేతిలో పెట్టాను.

“తెరవొచ్చు ఆంటీ,” అన్నాను.